ఫిలిప్పీన్స్ వృద్ధ సైనికులకు రావలసిన బాకీ, దాని కోసం నిలబడిన మనవల తరం

గోదారిగట్టు:

సభ్యులందరికీ నమస్కారం. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా పతాకం కింద పోరాడిన ఫిలిప్పీన్స్ సైనికుల గురించి కొన్ని నెలలుగా చదువుతున్నాను. చదివినకొద్దీ ఒక సందేహం బలపడుతోంది. దాన్ని మీ ముందుంచుతున్నాను.

తెలియని వారి కోసం పూర్వరంగం చెబుతాను. 1898లో స్పెయిన్‌తో చేసుకున్న ప్యారిస్ ఒప్పందం ప్రకారం 2 కోట్ల డాలర్లు చెల్లించి అమెరికా ఫిలిప్పీన్స్‌ను తన ఏలుబడిలోకి తెచ్చుకుంది. 1934 నాటి చట్టం పదేళ్ల తరువాత స్వాతంత్ర్యం ఇస్తామని మాట ఇచ్చింది. అదే చట్టం, అవసరమైతే అక్కడి సైన్యాన్ని అమెరికా అధ్యక్షుడు తన కొలువులోకి పిలిపించుకోవచ్చునని కూడా చెప్పింది. 1941 జూలై 26న రూజ్‌వెల్ట్ ఆ అధికారాన్ని వాడుకున్నారు. జనరల్ మెకార్థర్ నాయకత్వం కింద చేరిన వారూ, తరువాత అడవుల్లో గెరిల్లాలుగా పోరాడిన వారూ కలిపి రెండున్నర లక్షల మందికి పైగా ఉంటారు. 1942 ఏప్రిల్ 9న బటాన్ ద్వీపకల్పం లొంగిపోయినప్పుడు దాదాపు 75 వేల మంది జపాను సైన్యానికి చిక్కారు. వారిలో అత్యధికులు ఫిలిప్పీన్స్ వారే. తిండీ నీళ్లూ లేకుండా వంద కిలోమీటర్లకు పైగా నడిపించిన ఆ యాత్రకు చరిత్రలో మృత్యుయాత్ర అనే పేరు మిగిలింది.

ఇంత జరిగాక, యుద్ధం ముగిసిన ఆరు నెలలకే, 1946 ఫిబ్రవరి 18న, కేటాయింపుల రద్దు చట్టం మీద అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేశారు. ఈ సైనికులు చేసినదాన్ని అమెరికా సైన్యంలో క్రియాశీల సేవగా పరిగణించరాదని అందులో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యంతో వారికి పింఛను, చదువు, వైద్యం, ఇంటి రుణం వంటి హక్కులన్నీ పోయాయి. 2009 ఫిబ్రవరి 17న, అంటే సరిగ్గా 63 ఏళ్లకు ఒక్క రోజు తక్కువలో, ఒబామా సంతకం చేసిన ఆర్థిక ఉద్దీపన చట్టంలో వారికి ఒకేసారి ఇచ్చే సొమ్ము మంజూరయింది. అమెరికా పౌరసత్వం ఉన్నవారికి 15,000 డాలర్లు, లేనివారికి 9,000 డాలర్లు.

ఈ ఉద్యమాన్ని చివరి దశలో భుజాన వేసుకున్నది ఎక్కువగా మనవల వయసు యువతీ యువకులు, కళాశాల విద్యార్థులు. 2009 నాటి ఫలితాన్ని వారి విజయమనాలా, లేక అలసిపోయిన వృద్ధుల చేత చేయించిన రాజీ అనాలా? ఇదే నా ప్రశ్న.

పసిఫిక్ తీరం:

గోదారిగట్టు గారూ, ఈ విషయం ఎత్తినందుకు ధన్యవాదాలు. 2006 నుంచి 2008 వరకు లాస్ ఏంజెలెస్‌కు దగ్గరలో ఎం.ఎస్. చదివిన రోజుల్లో ఈ ఉద్యమాన్ని కొంత దగ్గరగా చూశాను. నా గదిలో ఉండే ఫిలిపినో మిత్రుడు విద్యార్థి సంఘంలో చురుకుగా ఉండేవాడు. ప్రతి నవంబరు 11న, అంటే అమెరికాలో మాజీ సైనికుల దినోత్సవం నాడు, ఆ పిల్లలు వృద్ధులతో కలిసి ఊరేగింపు తీసేవారు. ఒక ఏడాది నన్నూ వెంట తీసుకువెళ్లాడు.

ఆ రోజు నేను చూసిన దృశ్యం ఇది. పాత సైనికుల టోపీలు పెట్టుకున్న ఎనభై ఏళ్లు దాటిన పెద్దలు చక్రాల కుర్చీల్లో ముందు వరుసలో ఉన్నారు. ఒక్కొక్క కుర్చీని పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు తోస్తున్నారు. ఆ పిల్లల్లో చాలామందికి ఆ పెద్దలు సొంత తాతలు కారు. అయినా అందరూ "లోలో" అనే పిలుస్తున్నారు. తగలోగ్ భాషలో లోలో అంటే తాత. నాయనమ్మనూ అమ్మమ్మనూ లోలా అంటారు. మన ఊళ్లో ఏ పెద్దాయన కనిపించినా తాతా అని పిలవడం లాంటిదే కనుక, ఆ పిలుపు నాకు వెంటనే అర్థమయింది.

ఊరేగింపు ఏడాదికి ఒక రోజే. మిగిలిన రోజుల్లో వారు చేసిన పనే నాకు ఎక్కువగా గుర్తుంది. వారాంతాల్లో పెద్దల గదులకు వెళ్లి, వచ్చిన ఉత్తరాలు చదివి చెప్పేవారు. దరఖాస్తులు నింపేవారు. ఆసుపత్రికి తోడు వెళ్లేవారు. తమ నియోజకవర్గం ప్రతినిధి కార్యాలయానికి ఫోన్ చేసి, బిల్లుకు మద్దతు ఇస్తున్నారా లేదా అని పేరు చెప్పి మరీ అడిగేవారు. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో "స్టూడెంట్ యాక్షన్ ఫర్ వెటరన్స్ ఈక్విటీ" అనే విద్యార్థుల కూటమి ఉండేది. లాస్ ఏంజెలెస్‌లో "జస్టిస్ ఫర్ ఫిలిపినో అమెరికన్ వెటరన్స్" అనే సంస్థ పెద్దలనూ విద్యార్థులనూ ఒక్క చోటికి చేర్చింది.

నా మిత్రుడిని ఒకసారి అడిగాను, నీకు దీనిలో ఇంత పట్టుదల ఎందుకని. తన పాఠశాల పుస్తకంలో బటాన్ గురించి ఒక్క పేరా ఉందని, అందులో ఫిలిప్పీన్స్ వారి పేర్లే లేవని, కళాశాలలో చేరిన తరువాతే తన సొంత తాత ఎందుకు నిద్రలో కేకలు వేసేవాడో తెలిసిందని చెప్పాడు. ఆ తాత అప్పటికే పోయాడు. ఆయనను అడగలేకపోయినవన్నీ ఇప్పుడు ఈ పెద్దలను అడుగుతున్నానని అన్నాడు.

మీ ప్రశ్నకు నా జవాబు తరువాత రాస్తాను. ముందు మిగిలిన సభ్యుల అభిప్రాయం వినాలని ఉంది.

చీరాల నేత:

నాకు ఆ పెద్దల త్యాగం మీద సందేహం లేదు. కానీ ఒక ప్రశ్న అడగక తప్పదు. ఫిలిప్పీన్స్ 1946 జూలై 4న స్వతంత్ర దేశం అయింది. స్వతంత్ర దేశం తన సైనికుల బాధ్యత తాను తీసుకోవాలి కదా. మన దేశం విషయమే చూడండి. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యంలో 25 లక్షల మంది పనిచేశారు. 1947 తరువాత ఆ సైన్యంలో మన వాటాకు వచ్చినది మన సైన్యమే అయింది, ఆ పింఛన్లూ మన ఖజానా నుంచే వెళ్లాయి. పైగా రద్దు చట్టం ద్వారానే ఫిలిప్పీన్స్ సైన్యానికి అమెరికా 20 కోట్ల డాలర్లు ఇచ్చిందని చదివాను. అలాంటప్పుడు అరవై ఏళ్ల తరువాత అమెరికా పన్ను చెల్లించేవారిని అడగడం న్యాయమేనా? నేను వాదన కోసం వాదించడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పాతకాగితం:

చీరాల నేత గారి ప్రశ్న సరైనదే. ఆనాడు అమెరికా చట్టసభలో వినిపించిన వాదన కూడా దాదాపు ఇదే. నేను వృత్తిరీత్యా న్యాయ విషయాలు చదివేవాణ్ణి కనుక, తేదీల వరుసలో చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఈ వ్యవహారంలో సత్యం తేదీల్లోనే ఉంది.

1941 జూలైలో ఆ సైనికులను పిలిచినది ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కాదు, అమెరికా అధ్యక్షుడు. అప్పటికి ఆ దీవుల ప్రజలు చట్టం దృష్టిలో అమెరికా పట్ల విధేయత గల ప్రజలు. పౌరసత్వం మాత్రం లేదు. 1942లో అమెరికా చట్టసభ, తమ సైన్యంలో పనిచేస్తున్న విదేశీయులకు సులభంగా పౌరసత్వం ఇచ్చే వీలు కల్పించింది. 1944 జూన్ 22న మాజీ సైనికుల హక్కుల చట్టం వచ్చింది. ఇవన్నీ తమకూ వర్తిస్తాయన్న నమ్మకంతోనే ఆ సైనికులు యుద్ధం ముగిసేదాకా నిలబడ్డారు. అంటే పని చేయించుకున్నప్పుడు ఒక షరతు ఉంది, పని పూర్తయ్యాక షరతు మార్చారు. మన పల్లెల్లో పాలేరును ఏడాది పొడుగునా చాకిరీ చేయించుకుని, కళ్లం నూర్చిన తరువాత నువ్వు మా పాలేరువే కాదు పొమ్మంటే ఊరు ఒప్పుకుంటుందా?

ఎందుకు మార్చారంటే, ఖర్చు చూసి. ఆనాటి మాజీ సైనికుల సంస్థ అధిపతి జనరల్ ఒమర్ బ్రాడ్లీ, ఆ హక్కులన్నీ ఇస్తే కాలక్రమేణా దాదాపు 300 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా చెప్పారు. దాని బదులు 20 కోట్లు ఫిలిప్పీన్స్ సైన్యానికి కేటాయించి, హక్కులు కత్తిరించారు. గాయపడినవారికీ, చనిపోయినవారి కుటుంబాలకూ కొంత పరిహారం మిగిల్చారు కానీ, ఒక డాలరు రావలసిన చోట ఒక పెసో లెక్కన ఇవ్వాలన్నారు. ఆ రోజుల్లో డాలరుకు రెండు పెసోలు. కాలు పోయిన అమెరికా సైనికుడికి వచ్చేదానిలో సగమే, అదే కందకంలో కాలు పోయిన ఫిలిప్పీన్స్ సైనికుడికి దక్కింది. సంతకం చేసిన ట్రూమనే, ఈ చట్టం ఫిలిప్పీన్స్ వీరుల పట్ల అమెరికాకున్న నైతిక బాధ్యతను తొలగించదని ఒక ప్రకటనలో రాశారు. బాకీ ఉందని ఒప్పుకుంటూనే నోటు చింపివేసినట్లయింది.

మన సైన్యంతో పోలిక ఇక్కడే తప్పుతుంది. బ్రిటిష్ ఇండియా సైనికుడి సేవను 1947 తరువాత ఎవరూ సేవ కాదని అనలేదు. చెల్లించే చేయి మారింది, అంతే. అక్కడ సేవనే చెరిపివేశారు. ఇంకొక సంగతి. యుద్ధానికి ముందు నుంచీ అమెరికా సైన్యంలో అంతర్భాగంగా ఉన్న పాత ఫిలిప్పీన్ స్కౌట్లకు పూర్తి హక్కులు యథాతథంగా ఇచ్చారు. కామన్వెల్త్ సైన్యం, అంటే 1941లో పిలిపించుకున్న ఫిలిప్పీన్స్ సైన్యం వారినీ, గుర్తింపు పొందిన గెరిల్లాలనూ, యుద్ధం ముగిశాక చేర్చుకున్న కొత్త స్కౌట్లనూ మినహాయించారు. ఒకే ఊరి అన్నదమ్ములిద్దరు ఒకే యుద్ధంలో పోరాడి, ఒకరు మాజీ సైనికుడు అనిపించుకుని మరొకరు అనిపించుకోకపోవడం ఇలా సాధ్యమయింది.

పౌరసత్వం విషయంలోనూ ఇదే జరిగింది. 1945 అక్టోబరు నుంచి 1946 ఆగస్టు వరకు మనీలాలో దరఖాస్తులు తీసుకునే అధికారినే ఉపసంహరించారు. గడువు 1946 డిసెంబరుతో ముగిసింది. అధికారి లేని నెలల్లో దరఖాస్తు పెట్టలేకపోయినవారు తరువాత న్యాయస్థానాలకు వెళ్లారు. 1973లో ఒకసారి, 1988లో మరొకసారి అమెరికా సుప్రీంకోర్టు గడువు గడువేనని తీర్పు చెప్పింది. చివరికి 1990 వలస చట్టంలో ప్రత్యేక సెక్షను పెట్టాకే, 25 వేల మందికి పైగా పెద్దలు పౌరులు కాగలిగారు.

మల్లెపందిరి:

పాతకాగితం గారూ, చాలా ఓపికగా వివరించారు. నాకు ఒక సంగతి అర్థం కావడం లేదు. 1990 తరువాత వచ్చినవారికి అప్పటికే డెబ్భై ఏళ్లు ఉంటాయి. ఆ వయసులో భార్యాబిడ్డలను వదిలి తెలియని దేశానికి ఎందుకు వెళ్లారు? పౌరసత్వం వచ్చిందిగా, పింఛను ఎందుకు రాలేదు?

పసిఫిక్ తీరం:

మల్లెపందిరి గారూ, పౌరసత్వం వచ్చినా 1946 చట్టం అలాగే ఉంది. వారు అమెరికా పౌరులు అయ్యారు కానీ అమెరికా మాజీ సైనికులు కాలేదు. అందువల్ల వారికి దొరికినది, ఆదాయం లేని వృద్ధులు ఎవరికైనా ఇచ్చే సామాజిక భృతి మాత్రమే. ఆ భృతి అమెరికా గడ్డ మీద ఉన్నంత కాలమే వస్తుంది. స్వదేశానికి తిరిగి వెళితే ఆగిపోతుంది. కనుక చిన్న గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండి, ఒకే పొయ్యి మీద వండుకుని, మిగిలినది ఇంటికి పంపేవారు. శాన్ ఫ్రాన్సిస్కోలో టెండర్‌లాయిన్, సౌత్ ఆఫ్ మార్కెట్ ప్రాంతాల్లోని పాత హోటళ్ల గదులు ఇలాంటి వృద్ధులతో నిండి ఉండేవి. 1999లో వచ్చిన చట్టం, ఫిలిప్పీన్స్‌కు తిరిగి వెళ్లదలచినవారికి ఆ భృతిలో 75 శాతం అక్కడే తీసుకునే వీలు కల్పించింది. చాలామంది దాన్ని ఎంచుకుని ఇంటికి వెళ్లారు. నాలుగో వంతు వదులుకుని మనవల ముఖం చూసుకోవడానికి వెళ్లారు.

ఎందుకు వచ్చారని అడిగారు. నేను ఒక పెద్దాయనను ఇదే అడిగాను. పిల్లలను తరువాత పిలిపించుకోవచ్చునని వచ్చానని చెప్పారు. కానీ పెరిగిన పిల్లల వీసాలకు ఫిలిప్పీన్స్ వారి వరుస ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది. డెబ్భై అయిదేళ్ల మనిషిని ఇరవై ఏళ్లు ఆగమంటే ఆ మాటకు అర్థం ఏమిటో ఊహించండి. 2016 జూన్‌లో మాత్రమే, ఆ సైనికుల పిల్లలు వీసా వంతు రాకముందే వచ్చి తల్లిదండ్రులను చూసుకునే ప్రత్యేక అనుమతి పథకం మొదలయింది. 2019 ఆగస్టులో దాన్ని ముగించే ఉద్దేశం ఉన్నట్లు ప్రభుత్వం ప్రకటించినప్పుడు, మళ్లీ గొంతెత్తిన వారిలో ఈ యువత కూడా ఉంది.

ఆ పెద్దలను కేవలం జాలిపడవలసిన వారిగా చూడవద్దని కూడా మనవి. 1997లో శ్వేతసౌధం కంచెకు తమను తాము గొలుసులతో కట్టుకున్నది వారే. వారితో పాటు అరెస్టయిన చట్టసభ సభ్యుడు బాబ్ ఫిల్నర్. పిల్లలు వచ్చేనాటికి ఉద్యమం ఉంది. వారు దానికి కాళ్లూ గొంతూ అయ్యారు.

ఓరుగల్లు వాసి:

చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. గోదారిగట్టు గారి ప్రశ్నకు దగ్గరగా వచ్చే ఒక విషయం చెప్పదలచాను. 2009లో సొమ్ము మంజూరయింది సరే, అది అందరికీ అందిందా? నేను చదివిన లెక్కల ప్రకారం 42 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆమోదం పొందినవి దాదాపు 19 వేలు. సగానికి మించి తిరస్కరించారు. కారణం కాగితం. మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రంలో ఉన్న అమెరికా సైన్యం జాబితాలలో పేరు ఉండాలి. మనీలాలోని పత్రాల్లో పేరు ఉన్నా ఆ జాబితాలలో లేకపోతే చెల్లదు. గెరిల్లాల గుర్తింపు ప్రక్రియను 1948 జూన్ 30తోనే ముగించారు.

ఇది చదివినప్పుడు నాకు మా తాతగారు గుర్తుకు వచ్చారు. నిజాం పాలనకు వ్యతిరేకంగా జరిగిన పోరాటంలో ఆయన సరిహద్దు అవతల శిబిరంలో కొన్ని నెలలు ఉన్నారు. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వచ్చింది. 1980లో దాని పరిధి పెంచారు. హైదరాబాదు విమోచన పోరాటంలో పాల్గొన్నవారినీ తరువాత చేర్చారు. అయితే జైలు రికార్డో, అజ్ఞాతవాసానికి వారంటో, తోటి సమరయోధుల ధ్రువపత్రమో కావాలన్నారు. అజ్ఞాతంలో ఉన్నవాడు తన పేరు రాసి పెట్టుకుంటాడా? రజాకార్ల చేతికి దొరికితే ఊరు ఊరే తగలబడే రోజులవి. మా తాతగారు ఒక కార్యాలయం చుట్టూ తొమ్మిదేళ్లు తిరిగారు. ఆయన తరఫున ధ్రువపత్రం ఇవ్వవలసిన ఇద్దరు మిత్రులలో ఒకరు ఆ తొమ్మిదేళ్లలోనే చనిపోయారు. పింఛను చివరికి వచ్చింది కానీ, డబ్బు వచ్చిన రోజు ఆయన మొదట అడిగినది, కాగితం మీద తన పేరుకు ముందు సమరయోధుడు అని రాశారా లేదా అని.

ఫిలిప్పీన్స్ గెరిల్లాల సంగతీ అంతే. జపాను సైన్యం చేతికి జాబితా చిక్కితే అందులో ఉన్న ప్రతి ఇంటికీ ముప్పు. పేరు దాచినవాడే బతికాడు. బతికి బయటపడ్డాక, పేరు ఏదీ అని అడుగుతున్నారు.

పాతకాగితం:

ఓరుగల్లు వాసి గారూ, మీ తాతగారి సంగతి మనసును తాకింది. ఇదే విషయంలో మన సుప్రీంకోర్టు 2001లో గురుదయాల్ సింగ్ కేసులో చెప్పిన మాట ఇక్కడ ప్రస్తావించదగినది. సమరయోధుల పింఛనుకు క్రిమినల్ కేసులో అడిగేంత గట్టి రుజువు అడగరాదని, దశాబ్దాల క్రితం జరిగినదానికి సంభావ్యతను బట్టి నిర్ణయించాలని ఆ తీర్పు సారాంశం. అంతకు ముందు 1993లో, ఆలస్యంగా దరఖాస్తు చేశారన్న కారణం మీద పింఛను నిరాకరించరాదని కూడా చెప్పింది. ఆచరణలో కార్యాలయాలు ఈ మాటలను ఎంత పాటించాయన్నది వేరే సంగతి. కనీసం సూత్రమైనా ఉంది.

అమెరికాలో ఆ సూత్రం రాలేదు. తిరస్కరణలు ఎందుకు ఇంత ఎక్కువగా ఉన్నాయో పరిశీలించడానికి 2012 చివరలో శ్వేతసౌధం వివిధ శాఖల బృందాన్ని వేసింది. ఆ బృందం ప్రక్రియను వివరంగా బయటపెట్టింది, కొందరికి పునఃపరిశీలన దొరికింది. కానీ జాబితాయే చివరి మాట అన్న నియమం మారలేదు. విద్యార్థులు ఈ దశలో చేసిన పని గురించి ఎవరూ పెద్దగా రాయరు. పేరులో ఒక అక్షరం తేడా వల్లనో, స్పానిష్ పద్ధతిలో తల్లి ఇంటిపేరు ముందూ వెనుకా కావడం వల్లనో తిరస్కరణకు గురైన దరఖాస్తులు ఎన్ని ఉంటాయో ఊహించవచ్చు. అలాంటి కాగితాలను సరిచేసి మళ్లీ పంపడంలో ఒక మనవడి ఓపిక అవసరం.

చీరాల నేత:

నా మొదటి అభిప్రాయాన్ని మార్చుకుంటున్నాను. ఫిలిప్పీన్స్ ప్రభుత్వమే చూసుకోవాలన్న మాటకు తేదీలు ఒప్పుకోవని అర్థమయింది. పాలేరు పోలిక నాకు బాగా పట్టింది.

కానీ గోదారిగట్టు గారి అసలు ప్రశ్నకు వచ్చేసరికి, 2009 రాజీని తప్పు పట్టలేను. 1941లో ఇరవై ఏళ్ల కుర్రవాడికి 2009లో ఎనభై ఎనిమిదేళ్లు. అంతకు ముందు ఏడాది సెనేట్ 96కు 1 ఓట్లతో ఆమోదించిన బిల్లులో ఫిలిప్పీన్స్‌లో ఉన్నవారికి నెలకు 300 డాలర్ల పింఛను ఉంది. ప్రతినిధుల సభలో ఆ పింఛను నిలబడలేదు. పూర్తి సమానత్వం వచ్చేదాకా ఏమీ తీసుకోమని పట్టుబట్టి ఉంటే, ఇంకా ఎన్ని వేల మంది చేతిలో పైసా లేకుండా పోయేవారు? సెనేటర్ ఇనోయే తానే ఆ యుద్ధంలో చేయి పోగొట్టుకున్న మనిషి. ఆయన, సెనేటర్ అకాకా ఆనాటికి సాధ్యమైనదాన్ని ఉద్దీపన చట్టంలో చేర్పించారు. ఇరవై ఏళ్ల వయసులో పూర్తి న్యాయం కోసం ఎదురుచూడగలం. తొంభై దగ్గర ఉన్నవాడికి ఆ ఓపిక ఉండాలని మనం కోరవచ్చునా?

గోదారిగట్టు:

చీరాల నేత గారూ, మీ మాటలో బరువుంది. నన్ను కలవరపెట్టినది మాత్రం ఆ చట్టంలోని మరొక నిబంధన. ఆ సొమ్ము స్వీకరిస్తే, ఆ యుద్ధ సేవకు సంబంధించి అమెరికా ప్రభుత్వం మీద ఇక ఏ దావా చేయనని వదులుకున్నట్లే. అప్పటికే వస్తున్న భృతులు కొనసాగుతాయి, అంతవరకే. నెలకు 300 డాలర్ల లెక్కన చూస్తే 9,000 డాలర్లు ముప్ఫై నెలల సొమ్ము. ముప్ఫై నెలల సొమ్ము చేతిలో పెట్టి అరవై మూడేళ్ల లెక్క మూసివేయమనడం నాకు సమ్మతం కాలేదు.

పైగా 15,000, 9,000 అన్న తేడా చూడండి. పౌరసత్వం దొరకకపోవడానికి కారణం మనీలాలో అధికారిని ఉపసంహరించడమేనని పాతకాగితం గారు చెప్పారు. ఆ నిరాకరణనే ఆధారం చేసుకుని మళ్లీ తక్కువ ఇచ్చారు. 1946లో ఒక డాలరుకు ఒక పెసో అన్న లెక్క 2009లో వేరే రూపంలో తిరిగి వచ్చింది.

పసిఫిక్ తీరం:

ఇప్పుడు నా జవాబు రాస్తాను. 2009 ఫిబ్రవరి నాటికి నేను చదువు ముగించి ఉద్యోగంలో చేరాను కానీ, మిత్రుడితో మాట్లాడుతూనే ఉన్నాను. ఆ వారం యువతలో చీలిక వచ్చింది. వాషింగ్టన్‌లో ఏళ్ల తరబడి తిరిగిన కొన్ని సంఘాలు ఇది సాధించిన విజయమన్నాయి. లాస్ ఏంజెలెస్ వారిలో చాలామంది ఇది సమానత్వం కాదని, భార్యలను వదిలేశారని, పోరాటం ఆగదని అన్నారు. నా మిత్రుడు రెండో పక్షం. అయినా మరుసటి వారం నుంచే పెద్దలకు దరఖాస్తులు నింపడం మొదలుపెట్టాడు. నువ్వు వ్యతిరేకించినదాన్నే నువ్వు నింపిస్తున్నావేమని అడిగాను. తీసుకోవాలో వద్దో నిర్ణయించవలసినది లోలో, నేను కాదు అన్నాడు. బిల్లు సరిపోదని చట్టసభతో పోట్లాడడం తన పని, మందుల ఖర్చుకు డబ్బు కావాలన్న పెద్దాయన చేత వద్దనిపించడం తన పని కాదు అన్నాడు.

గోదారిగట్టు గారూ, రాజీ చేయించారా అని మీరు అడిగారు. నేను చూసినంతలో యువత రాజీ చేయించలేదు, రాజీ ఆపనూ లేదు. ఆపే హక్కు తమకు లేదని వారు అనుకున్నారు. నిర్ణయం ఎవరి జీవితం మీద పడుతుందో వారికే వదిలి, ఆ తరువాత మిగిలిన పోరాటాన్ని తమ మీద వేసుకున్నారు. నాకు అది గౌరవించదగినదిగా తోచింది.

మల్లెపందిరి:

భార్యలను వదిలేశారని రాశారు. అది ఎలా?

పాతకాగితం:

చట్టం అమలులోకి వచ్చిన నాటికి సైనికుడు బతికి ఉండాలి. బతికి ఉండి దరఖాస్తు పెట్టి, సొమ్ము అందక ముందు చనిపోతే భార్యకు వస్తుంది. 2009 ఫిబ్రవరి 17కు ఒక్క రోజు ముందు చనిపోయినా భార్యకు ఏమీ రాదు. భర్త అడవిలో ఉన్నప్పుడు ఇంటి మీదికి వచ్చిన జపాను సైనికులకు జవాబు చెప్పినదీ, గెరిల్లాలకు రాత్రిళ్లు అన్నం మోసినదీ, ఆ తరువాత అరవై ఏళ్లు అతని గాయాలకు సేవ చేసినదీ ఆమె. చట్టంలో ఆమెకు చోటు లేదు. పూర్తి సమానత్వం కోరిన బిల్లులు ఆ తరువాతి చట్టసభల్లోనూ వచ్చాయి కానీ ఏదీ గట్టెక్కలేదు. 2016 డిసెంబరులో ఒబామా సంతకంతో ఆ సైనికులందరికీ కలిపి చట్టసభ స్వర్ణపతకం వచ్చింది. 2017 అక్టోబరు 25న వాషింగ్టన్‌లో అందజేశారు. రద్దు చట్టంలోని ఆ వాక్యం మాత్రం చట్టగ్రంథంలో ఉండిపోయింది.

ఓరుగల్లు వాసి:

పతకం ఎవరి చేతికి ఇచ్చారండి?

పసిఫిక్ తీరం:

అసలు స్వర్ణపతకం స్మిత్సోనియన్ సంస్థకు చేరింది. సైనికులకూ కుటుంబాలకూ కంచు నకళ్లు ఇచ్చారు. చాలా కుటుంబాల్లో అది అందుకునేందుకు మిగిలినవారు పిల్లలు, మనవలే. నా మిత్రుడు తన తాత పేరు మీద ఒకటి తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. దానికి కూడా తాత సేవను రుజువు చేసే కాగితం కావాలన్నారు. ఓరుగల్లు వాసి గారు చెప్పినట్లు ఆ కాగితం ఇంట్లో లేదు. వాళ్ల నాయనమ్మ యుద్ధకాలంలో కాల్చివేసిందట. ఇప్పుడు అతను, తాతతో ఒకే దళంలో ఉన్న మనిషి ఎవరైనా ఎక్కడైనా బతికి ఉన్నారేమోనని పెద్దల పాత సంభాషణల రికార్డింగులు ఒక్కొక్కటిగా వింటున్నాడు. విద్యార్థిగా ఉన్నప్పుడు తానే చేసిన రికార్డింగులు అవి.